మూడు దారుల కూడలి: ఓరుగల్లు పరిశ్రమల నిన్న, రేపు

సావనీరు కమిటీ మిత్రులు ఫోన్ చేసి, "సార్, జ్ఞాపకాలు అందరూ రాస్తున్నారు, మీరు మన ఊరి అభివృద్ధి మీద రాయండి" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆర్థిక శాస్త్రం పాఠం చెప్పినందుకు ఇది నాకు పడిన శిక్ష. కాని మన ఊరి పరిశ్రమల సంగతి రాయాలంటే మన బడి హాజరు పట్టీ నుంచే మొదలుపెట్టాలి. అది కూడా జ్ఞాపకమే అంటే నేను చేయగలిగింది లేదు.

మా తరగతిలో మూడు రకాల పిల్లలం ఉండేవాళ్ళం: మిల్లు పిల్లలు, రైలు పిల్లలు, మగ్గం పిల్లలు. మిల్లు పిల్లల నాయినలు ఆజంజాహి మిల్లులో పనిచేసేవారు. రైలు పిల్లలు కాజీపేట క్వార్టర్ల నుంచి వచ్చేవారు. మగ్గం పిల్లలది కొత్తవాడ. నేను మిల్లు పిల్లవాణ్ణి. మా ఇంట్లో గడియారం ఉన్నా మా అమ్మ దాన్ని చూసేది కాదు. మిల్లు కూత వింటే పొయ్యి వెలిగించేది, ఇంకో కూతకు నన్ను బడికి తోలేది. మూడో తరగతి దాకా ఆ కూత బడి కోసమే మోగుతుందని నేను నమ్మాను.

మా సోషల్ సారు నల్లబల్ల మీద ఒక చుక్క పెట్టి మూడు గీతలు గీసేవారు. చుక్క కాజీపేట. ఒక గీత పడమరకు సికింద్రాబాద్, ఒకటి ఉత్తరానికి బల్లార్షా, ఇంకొకటి దక్షిణంగా బెజవాడ. "ఈ చుక్క లేకపోతే మీ నాయినలకు ఈ ఊళ్ళో పని లేదురా" అనేవారు. రైలు పిల్లలు ఛాతీ విరుచుకుని కూర్చునేవారు. మాకు కోపం వచ్చేది. తర్వాత చదువుకుంటే తెలిసింది, సారు చెప్పింది మిల్లు విషయంలోనూ నిజమేనని.

రైలు కంటే చాలా ముందుకు పోతే ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. సముద్రం ఈ ఊరికి వందల కిలోమీటర్ల దూరం. అయినా కాకతీయ గణపతిదేవుడు 1244లో తీరంలోని మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. సముద్ర వర్తకులకు అది అభయ శాసనం. అంతకుముందు తుఫాను వల్ల ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకును రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకమీదట అలా జరగదని, ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని గణపతిదేవుడు రాతి మీద మాట ఇచ్చాడు. ఇప్పుడు ప్రభుత్వాలు పారిశ్రామిక విధానం పేరుతో పుస్తకాలకు పుస్తకాలు అచ్చు వేస్తున్నాయి. ఆయన ఒక రాతి స్తంభం మీద తేల్చేశాడు. ఒకటి మాత్రం గమనించాలి. వర్తకుడికి ఆయన ఇచ్చింది రాయితీ కాదు, రేపు మాట మారదన్న భరోసా. ఈ భరోసా సంగతి కిందికి పోయిన కొద్దీ మళ్ళీ మళ్ళీ వస్తుంది.

నిజాం రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ చేరింది. అక్కడి నుంచి 1886లో వరంగల్‌కు, 1888లో డోర్నకల్‌కు, 1889లో బెజవాడకు వచ్చింది. ఆ తొందర మన కోసం కాదు. ఇల్లెందు బొగ్గు, మద్రాసు వైపు సరుకు రవాణా, ఇవీ వాళ్ళ లెక్కలు. మనది దారిలో ఉన్న ఊరు, అంతే. 1920ల చివర కాజీపేట నుంచి బల్లార్షా లైను పూర్తి కావడంతో ఢిల్లీకి, మద్రాసుకు మధ్య నేరు దారి ఏర్పడింది. 1929 నుంచి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఈ దారినే పట్టింది. కాజీపేట అనే చిన్న పల్లె జంక్షన్ అయింది. లోకో షెడ్లు, క్వార్టర్లు, ఆసుపత్రి, చర్చి, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, వారి హాకీ మైదానం, ఇదంతా ఆ మూడో గీత గీసినందుకే వచ్చింది.

దారి వచ్చింది. ఉత్తరం నుంచి బొగ్గు వస్తుంది. చుట్టూ నల్లరేగడిలో పత్తి పండుతుంది. నేత పని తెలిసిన చేతులు తరతరాలుగా ఉన్నాయి. మన ఊరి తివాచీలు 1851లో లండన్ ప్రదర్శనకే పోయివచ్చాయి. ఇన్ని ఉన్నా 1934 దాకా పెద్ద మిల్లు రాలేదు. అప్పటికి కావలసింది పెట్టుబడి. నిజాం ప్రభుత్వం 1929లో పరిశ్రమల కోసం ఒక నిధిని ఏర్పాటు చేసి, ఆ సొమ్ముతో కొత్త కంపెనీల్లో వాటాలు కొనే పద్ధతి పెట్టింది. ఆ దశకంలోనే ఆజంజాహి మిల్లు లేచింది. ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టారు. నూలు వడకడం, నేయడం, అద్దకం ఒకే ప్రాకారం లోపల జరిగేవి. మిల్లుకు సొంత కరెంటు ఉండేది. మా బాపు చెప్పేవాడు, ఊరంతా చీకటైనా మిల్లు మీద వెలుగు ఉండేదని.

ఆ మిల్లు ఊరికి ఇచ్చింది జీతాలు మాత్రమే కాదు. చేను దాటని కుటుంబాలకు నెలకోసారి చేతికి డబ్బు వచ్చే అలవాటు చేసింది. సంఘం పెట్టుకోవడం నేర్పింది. ఫీజు కట్టే గడువు ఎన్నో తేదీ అంటే మా బాపు జీతం తేదీ చెప్పేవాడు. మన బడి నుంచి డిగ్రీ దాకా పోయిన మొదటి తరం పిల్లల్లో ఎక్కువమంది ఈ నెల జీతపు ఇళ్ళవాళ్ళేనని నా నమ్మకం. వ్యవసాయం బాగున్న ఏడు చదువు, లేని ఏడు మానివేత అన్నట్లు కాకుండా, పదేళ్ళు ఆగకుండా బడికి పోగలిగాం.

1974లో దేశంలోని చాలా నష్టాల మిల్లులతో పాటు మన మిల్లు కూడా జాతీయ జౌళి సంస్థ కిందికి వచ్చింది. ఊరంతా సంబరపడింది. ప్రభుత్వ ఉద్యోగం అయిందని మా బాపు మిఠాయి తెచ్చాడు. కాని మారింది యజమాని పేరు మాత్రమే, యంత్రాలు పాతవే. బయట పవర్‌లూములు తక్కువ ఖర్చుతో గుడ్డ నేస్తుంటే, పాత మగ్గాలతో పెద్ద మిల్లులు నిలబడలేకపోయాయి. బొంబాయి, అహ్మదాబాద్‌లలోనూ ఇదే కథ. 1985 జౌళి విధానంతో పవర్‌లూములకు దారి ఇంకా విశాలమైంది. కొత్త శతాబ్దం మొదటి ఏళ్ళలో, స్వచ్ఛంద విరమణల తర్వాత, మన మిల్లు మూతపడింది. యంత్రాలు పోయాయి, షెడ్లు పోయాయి, స్థలంలో చాలా భాగం ప్లాట్లయింది. నేను అటు పోవడం మానేసి చాలా ఏళ్ళయింది. పోయినా ఏ గేటు ఎక్కడుండేదో పోల్చుకోలేను.

మగ్గం పిల్లలు అంతకుముందే చెదిరిపోయారు. కొందరు సూరత్, కొందరు భీవండి, కొందరు షోలాపూర్. ఇక్కడి పత్తి బేళ్ళుగా అటే పోయేది, ఆ పత్తి వెనకాలే మనుషులు పోయారు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. కమిటీవారు క్షమించాలి. ఎనుమాముల మార్కెట్‌కు రైతు తెచ్చే క్వింటాలు పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడిస్తే దూది వచ్చేది 33 నుంచి 35 కిలోలు. మిగతాది గింజ, కొంత తరుగు. ఐదు క్వింటాళ్ళ పత్తి ఆడితే 170 కిలోల బేలు ఒకటి తయారవుతుంది. జిన్నింగ్ దాకా మన ఊళ్ళో జరుగుతుంది. ఆ తర్వాత నూలు, నేత, అద్దకం, కుట్టుపని అనే నాలుగు మెట్లున్నాయి. ఒక్కో మెట్టు ఎక్కిన కొద్దీ సరుకు విలువ పెరుగుతుంది, పనిచేసే చేతులు పెరుగుతాయి. అన్నిటికంటే ఎక్కువ చేతులు, ముఖ్యంగా ఆడవాళ్ళ చేతులు, కావలసింది చివరి మెట్టు కుట్టుపనికే. మనం అరవై ఏళ్ళు నాలుగు మెట్లలో మూడింటిని ఒకే ప్రాకారంలో పెట్టుకుని, తర్వాత అన్నిటినీ పోగొట్టుకుని జిన్నింగ్ దగ్గర ఆగిపోయాం.

గీసుకొండ, సంగెం మండలాల మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు గురించి ఇంత ఉపోద్ఘాతం అందుకే. 2017 అక్టోబర్‌లో 1,200 ఎకరాల ప్రాంతంలో దానికి పునాది రాయి పడింది. దూది నుంచి దుస్తుల దాకా ఒకేచోట అన్నది ఆలోచన. వలస పోయిన నేత కార్మికులను వెనక్కి రప్పించడం కూడా మొదటి నుంచీ చెప్పిన ఉద్దేశాల్లో ఒకటి. పిల్లల దుస్తులు కుట్టే కేరళ కంపెనీ కైటెక్స్, ప్లాస్టిక్ సీసాల వ్యర్థంతో పోగు తీసే గణేశా ఎకోస్పియర్, కొరియాకు చెందిన యంగ్‌వన్ అక్కడ అడుగుపెట్టాయి. 2023 మార్చిలో కేంద్రం దేశంలో ఏడు పీఎం మిత్ర పార్కులను ప్రకటించినప్పుడు తెలంగాణ నుంచి ఎంపికైంది ఇదే.

నాకు సంతోషమే, కాని రెండు సందేహాలున్నాయి. ఒకటి అద్దకం నీళ్ళది. గుడ్డ నేయడానికి నీళ్ళు పెద్దగా అక్కరలేదు, అద్దకానికి కావాలి. వాడిన నీళ్ళను శుద్ధి చేయకుండా వదిలితే కింద ఉన్న చెరువులు ఏమవుతాయో చూడాలంటే తమిళనాడులోని తిరుప్పూరుకు పోతే చాలు, నొయ్యల్ నది చెబుతుంది. శుద్ధి కేంద్రం పార్కుకు అలంకారం కాదు, పునాది. రెండోది భూమి ఇచ్చిన రైతు సంగతి. గణపతిదేవుడు ఓడ సరుకుకు ఇచ్చిన అభయం లాంటిది ఈ రైతుకూ కావాలి. ఇచ్చిన ఎకరానికి ఏం వస్తుంది, ఇంట్లో చదువుకున్న పిల్లకు లోపల ఏ పని దొరుకుతుంది అన్నది కాగితం మీద ఉండి, ప్రభుత్వం మారినా మారకుండా ఉండాలి. పెట్టుబడిదారుకు ఒప్పందం ఉంది. రైతుకు చాలాసార్లు మాట మాత్రమే ఉంటుంది.

మాట అనగానే రైలు పిల్లలు కోచ్ ఫ్యాక్టరీ సంగతి ఎత్తుతారు. 1980ల మొదట్లో కాజీపేటకు రావలసిన రైలు పెట్టెల కర్మాగారం, 1984 తర్వాత పంజాబ్ పరిస్థితుల మధ్య కపుర్తలాకు పోయింది. అక్కడ 1985లో మొదలైంది. తర్వాత రాయ్‌బరేలీకి ఒకటి వచ్చింది, లాతూరుకు ఒకటి వచ్చింది. 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు రైల్వే ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. "పరిశీలించాలి" అన్న మాటను మా వ్యాకరణం సారు చూసి ఉంటే ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టేవారు. ఎందరు ఎంపీలు మారారో, ఎన్ని రిలే దీక్షలు జరిగాయో కాజీపేట మిత్రులు నాకంటే బాగా చెబుతారు.

చివరికి 2023 జులై 8న అయోధ్యాపురం దగ్గర రైల్వే తయారీ కేంద్రానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. అంచనా 500 కోట్ల పైచిలుకు. మొదట వ్యాగన్ల కోసమన్నారు, తర్వాత పెట్టెలు కూడా అన్నారు. నాలుగు దశాబ్దాల ఆలస్యం చిన్నది కాదు. కపుర్తలా చుట్టూ ఆ కాలంలో పుట్టిన చిన్న వర్క్‌షాపులు, మరలు, సీట్లు, రబ్బరు భాగాలు చేసే యూనిట్లు మనకు లేవు. కర్మాగారం ఒక్కటే వస్తే కొన్ని వేల కుటుంబాలు బాగుపడతాయి. దానికి విడిభాగాలు అందించే చిన్న పరిశ్రమలు మన మడికొండ, రాంపూర్ పారిశ్రామిక వాడల్లో పుడితేనే ఊరు బాగుపడుతుంది. రేపు విజయం, వైఫల్యం కొలవాల్సింది అక్కడ.

అదే రోజు మంచిర్యాల నుంచి వరంగల్ దాకా 108 కిలోమీటర్ల కొత్త జాతీయ రహదారికీ రాయి వేశారు. నాగపూర్ నుంచి విజయవాడ పోయే కారిడార్‌లో అదొక ముక్క. మా సారు గీసిన మూడు గీతల్లో రెండింటి పక్కనే ఇప్పుడు రోడ్డు గీతలు పడుతున్నాయి. హైదరాబాద్ వైపుది ముందే నాలుగు వరుసలైంది. రైలు లైన్లూ మూడోవి పడుతున్నాయి.

మామునూరు విమానాశ్రయం గురించి త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే దాని మీద పత్రికలు చాలానే రాశాయి. నిజాం కాలపు రన్‌వే అది. నాలుగు దశాబ్దాలుగా ప్రయాణికుల విమానం లేదు. శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు అడ్డుపడింది. ఆ సంస్థ అభ్యంతరం లేదన్నాక 2025 ఫిబ్రవరి చివర కేంద్రం అనుమతించింది. భూసేకరణకు రాష్ట్రం అంతకుముందే 205 కోట్లు ఇచ్చింది. కొరియా నుంచి వచ్చే కొనుగోలుదారు హైదరాబాద్‌లో దిగి మూడు గంటలు రోడ్డు మీద రావడం కంటే ఇది మేలే. కాని నన్నడిగితే, విమానం కంటే ముందు కావలసింది మురుగు కాలువ.

నవ్వకండి. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జులైలో హనుమకొండ, వరంగల్ కాలనీల్లో పడవలు తిరిగాయి. కాకతీయులు చెరువు కింద చెరువు కట్టి, ఒకటి నిండితే మత్తడి దూకి ఇంకోదానికి పోయేటట్టు గొలుసు చేశారు. మనం చెరువులను ఉంచి, గొలుసును తెంపేశాం. నాలా మీద ఇల్లు కడితే నీళ్ళు ఇంట్లోకే వస్తాయి. వాటికి పాత దారి మాత్రమే గుర్తుంటుంది. నయీంనగర్ నాలా వెడల్పు చేసి, పాత వంతెన తీసి కొత్తది కట్టారు. భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడిక తీశారు. ఇవి శంకుస్థాపన ఫోటోల్లో బాగా రావు. కాని ఏ ఫ్యాక్టరీ యజమాని అయినా ఊరిని ఎంచుకునే ముందు, తన పనివాళ్ళు వానాకాలంలో డ్యూటీకి రాగలరా అని చూస్తాడు.

ఇంకో చిక్కు పరిపాలనది. 2021లో మన నగరాన్ని హనుమకొండ, వరంగల్ అనే రెండు జిల్లాల మధ్య పంచారు. కార్పొరేషన్ ఒకటే, కలెక్టర్లు ఇద్దరు. టెక్స్‌టైల్ పార్కు ఒక జిల్లాలో, కాజీపేట ఇంకో జిల్లాలో. 1970ల మొదటి నాటి మాస్టర్ ప్లాన్‌తోనే ఊరు యాభై ఏళ్ళు పెరిగింది. 2041 ప్లాన్ ఇప్పుడు చేతికొచ్చింది. కొత్త ప్లాన్‌లో పచ్చ రంగు వేసిన చోటు పచ్చగానే ఉంటుందా అన్నది మన కళ్ళ ముందే తేలుతుంది.

మిల్లు పోయాక ఊరు ఎలా బతికింది? చదువులతో, ఆసుపత్రులతో. 1959 అక్టోబర్‌లో నెహ్రూ పునాది వేసిన ఆర్‌ఈసీ, అదే ఏడు మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో వచ్చిన కాకతీయ విశ్వవిద్యాలయం మనకు రెండో జీవితం ఇచ్చాయి. నేనూ దాని మీదే బతికాను కాబట్టి తక్కువ చేసి మాట్లాడను. కాని అది మనుషులను తయారుచేసి బయటికి పంపే పరిశ్రమ. పత్తిలాగే మేలైన సరుకును జిన్నింగ్ దాకా ఇక్కడ చేసి, మిగతా మెట్లు ఇతరులకు వదిలేశాం. 2020 జనవరిలో మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా కార్యాలయాలు తెరిచినప్పుడు ఊరి పిల్లలు కొందరు హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చారు. ఆ సంఖ్య చిన్నదే. నేను పాఠం చెప్పిన ఒకమ్మాయి వచ్చి, "సార్, అమ్మ చేతి అన్నం తిని ఆఫీసుకు పోతున్నా" అంది. ఇంతకంటే మంచి పారిశ్రామిక సూచీ నాకు తెలియదు.

ఈ సంచిక చివరి పేజీల్లో పూర్వ విద్యార్థుల చిరునామాల పట్టిక ఉంది. ప్రూఫులు దిద్దుతూ మా బ్యాచ్ వరకు పిన్‌కోడ్లు చూశాను. 506తో మొదలయ్యేవి సగం కూడా లేవు. మా తర్వాత పదేళ్ళ బ్యాచ్‌లో ఇంకా తక్కువ. అమెరికా చిరునామాలకు పిన్‌కోడ్ గడి సరిపోక కమిటీవారు గడి వెడల్పు చేయవలసి వచ్చింది.

అందుకని కార్యవర్గానికి నా విన్నపం ఒకటుంది. స్వర్ణోత్సవ నిధిలో కొంత పక్కన పెట్టి, ఏటా తొమ్మిది, పదో తరగతి పిల్లలను ఒక రోజు టెక్స్‌టైల్ పార్కుకు, ఒక రోజు కాజీపేట షెడ్డుకు తీసుకుపోవాలి. కుట్టు మిషన్ల వరుస, చక్రం కింద పనిచేసే ఫిట్టర్, శుద్ధి కేంద్రంలో నీళ్ళు పరీక్షించే అమ్మాయి, వీళ్ళందరినీ పిల్లలు కళ్ళతో చూడాలి. ఇంజనీరో డాక్టరో కాకపోతే ఏమీ కాదన్న భయంతో పదో తరగతి దాటుతున్నారు. ఐటీఐ, పాలిటెక్నిక్ మాట ఎత్తితే తల్లిదండ్రులు మొహం పక్కకు తిప్పుకుంటున్నారు. జౌళి ఇంజనీరింగ్ చదివిన మన పూర్వ విద్యార్థులు, రైల్వేలో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళు సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఒక పూట బడికి రావాలి. లోపలికి అనుమతి ఇప్పించే పని వాళ్ళది. బస్సు మాట్లాడే పని నాది. పోయిన ఏడాది ఒక కంపెనీకి ఉత్తరం రాస్తే జవాబే రాలేదు, కాబట్టి ఈసారి మీలో ఎవరైనా తెలిసినవాళ్ళు ఉంటే ముందే చెప్పండి. బస్సు అరవై సీట్లది మాట్లాడతాను, దసరా సెలవుల తర్వాత మొదటి శనివారానికి.